మెరానోలో సిస్సీ దారి: నది గట్టు నుంచి కోట తోటల దాకా తీరిగ్గా నడవడం ఎలా

ఇటలీకి ఉత్తరపు కొసన, ఆల్ప్స్ కొండల మధ్య గిన్నెలాంటి లోయలో మెరానో అనే చిన్న ఊరుంది. ఊరి మధ్యలో నది గట్టు దగ్గర మొదలై, తూర్పు అంచునున్న ట్రౌట్‌మన్స్‌డార్ఫ్ కోట తోటల దగ్గర ముగిసే కాలిదారి ఒకటి అక్కడ ఉంది. పొడవు సుమారు 3 కిలోమీటర్లు. ఆస్ట్రియా సామ్రాజ్ఞి ఎలిజబెత్ ముద్దుపేరు సిస్సీ. ఆమె ఈ ఊళ్లో విడిది చేసింది కాబట్టి ఇది సిస్సీ దారి అయింది. గబగబా నడిస్తే 45 నిమిషాలు, నింపాదిగా అయితే గంటా పావు. తోటలకు కనీసం 3 గంటలు కలుపుకోండి. భోజనం, బెంచీలు, ఫొటోలు కలిపితే పూర్తి రోజు పని. పొద్దున మెరానో, మధ్యాహ్నం బొల్జానో, సాయంత్రం వెరోనా అని పట్టిక వేసుకున్నవాళ్లు ఈ నడక పెట్టుకోకపోవడమే మేలు.

మెరానోను స్పా పట్టణం అంటారు. ఆ మాట వినగానే వేడినీటి బుగ్గలు ఊహించుకుంటాం. మెరానోకి పేరొచ్చింది నీళ్ల వల్ల కాదు, గాలి వల్ల. ఉత్తరాన టెక్సెల్ పర్వతాలు చలిగాలిని అడ్డుకుంటాయి, దక్షిణం వైపు లోయ తెరిచి ఉంటుంది. అందుకే మంచుకొండల కింద తాటిజాతి చెట్లు బతుకుతున్నాయి. 19వ శతాబ్దంలో ఊపిరితిత్తుల జబ్బులవాళ్లను వైద్యులు ఇక్కడికి పంపేవారు. ద్రాక్షపళ్లు తినిపించే చికిత్స, పాలు విరిచాక మిగిలే తేట తాగించే చికిత్స ఉండేవి. వాటికి తోడు నడక. మ్యూనిక్ వైద్యుడు ఓర్టెల్ 1880లలో గుండె రోగులకు ఇంత వాలు, ఇంత దూరం అని కొలిచి నడకను మందులా రాసిచ్చే పద్ధతి తెచ్చాడు. మెరానో ఆ పద్ధతిని అందిపుచ్చుకుంది. ఇక్కడి పాత విహార దారుల్లో వాలు మెల్లగా ఉండటానికీ, కాస్త దూరానికొక బెంచీ కనిపించడానికీ కారణం అదే. కాబట్టి బెంచీ కనిపించినప్పుడల్లా కూర్చోండి. ఆ దారి వేసింది అలా వాడటానికే.

ముందుగా తేల్చుకోవాల్సినవి: నెల, దిశ, పేర్లు

తోటలు ఏడాది పొడుగునా తెరిచి ఉండవు. ఇంచుమించు ఏప్రిల్ మొదలు నుంచి నవంబరు మధ్య దాకానే. తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి తోటల వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే రైలు టికెట్ కొనండి. డిసెంబరులో క్రిస్మస్ సంత కోసం వచ్చి, పనిలో పనిగా తోటలు కూడా చూద్దామని గేటు దాకా నడిచి తాళం చూసి వెనుదిరగడం ఇక్కడ చాలామందికి జరిగేదే.

ఏ నెలలో ఏముంటుందో చూసి ఎంచుకోండి. ఏప్రిల్‌లో ట్యూలిప్‌లు, చుట్టూ లోయలో ఆపిల్ తోటల పూత. మే, జూన్‌లలో గులాబీలు. జూన్ చివర నుంచి ఆగస్టు దాకా కలువలు, తామరలు. అక్టోబరులో ఆకులు రాగిరంగుకు తిరుగుతాయి, ఊళ్లో ద్రాక్ష పండగ జరుగుతుంది. జులై, ఆగస్టుల్లో లోయ అడుగున 35 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది. కొండ ప్రాంతం కదా, చల్లగా ఉంటుందిలే అనుకుని స్వెటరుతో దిగినవాళ్లు తర్వాత దాన్ని రోజంతా చేతిమీద మోస్తారు. మాకైతే మే రెండో సగం, అక్టోబరు మొదటి సగం అన్నిటికంటే నచ్చుతాయి.

ఇక దిశ. నది గట్టు నుంచి తోటలకు నడిస్తే మెల్లని ఎక్కుడు. తోటల నుంచి ఊళ్లోకి అయితే దిగుడు. కాళ్లు బాగున్నవాళ్లు పొద్దున్నే ఎక్కండి, ఎండ నెత్తికెక్కేలోపు తోటలో ఉంటారు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్తున్నట్టయితే తలకిందులు చేయండి: బస్సులో తోటలకు వెళ్లి, చూసి, సాయంత్రం దిగుడు దారిలో ఊళ్లోకి నడిపించండి. ఒక్క మాట. తోట లోపలే సుమారు 100 మీటర్ల ఎత్తు తేడా ఉంది. అసలు ఎక్కుడు దారిలో లేదు, తోటలో ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల ఓపికను దారిలోనే ఖర్చు పెట్టించకండి.

ఇక పేర్ల గొడవ. దక్షిణ టిరోల్ (జర్మన్‌లో సుడ్‌టిరోల్) అనే ఈ ప్రాంతం మొదటి ప్రపంచయుద్ధం దాకా ఆస్ట్రియాది, తర్వాత ఇటలీది. జనం ఎక్కువగా జర్మన్ మాట్లాడతారు, బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. ఒకే చోటుకు రెండు పేర్లన్నమాట. మెరానో అన్నా మెరాన్ అన్నా ఒకటే. బొల్జానోయే బోట్సెన్. పస్సీరియో నదే పస్సర్. మనం ఎక్కాల్సిన మెరక పేట ఇటాలియన్‌లో మాయా ఆల్టా, జర్మన్‌లో ఓబర్‌మైస్. ఫోను మ్యాప్ ఒక పేరు చూపిస్తుంది, బస్సు తెర మీద ఇంకోటి వస్తుంది. ఇది తెలియక సరైన బస్సునే వదిలేస్తుంటారు. రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసుకోండి. కోట పేరు మాత్రం రెండు భాషల్లోనూ ట్రౌట్‌మన్స్‌డార్ఫే.

చేరడం

మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా వచ్చే రైలు 4 గంటల్లో బొల్జానో చేరుస్తుంది. ఇన్స్‌బ్రుక్ నుంచి సుమారు 2 గంటలు. మిలాన్, పాదువా, బొలోన్యా వైపు నుంచి వచ్చే మన విద్యార్థులు సాధారణంగా వెరోనాలో మారాలి. బొల్జానో నుంచి మెరానోకు లోకల్ రైలు, 32 కిలోమీటర్లు, 40 నిమిషాలు. 1881లో వేసిన లైను అది. కుదిరితే కిటికీ పక్కన కూర్చోండి. దారి పొడుగునా ఆపిల్ తోటలే.

ఆ ప్రాంతంలో రాత్రి బస చేస్తే హోటల్‌వాళ్లు చాలాచోట్ల సుడ్‌టిరోల్ గెస్ట్ పాస్ ఇస్తారు. లోకల్ రైళ్లు, బస్సులు అన్నిటికీ అదే టికెట్. వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోతే అడగండి. పాస్ జేబులో ఉంటే సరిపోదు, ఎక్కిన ప్రతిసారీ యంత్రానికి చూపాలి. రైలుకైతే ఆ యంత్రం ప్లాట్‌ఫాం మీదే ఉంటుంది, ఎక్కకముందే ఆ పని అయిపోవాలి. ఇటలీలో కాగితం లోకల్ టికెట్‌కీ ఇదే నియమం: ముద్ర వేయించని టికెట్ కొనని టికెట్‌తో సమానం. తనిఖీకి వచ్చినవాళ్లు తెలియదంటే ఊరుకోరు.

కారులో వచ్చేవాళ్లు తోటల దగ్గర పార్కింగ్ దొరుకుతుందిలే అని నేరుగా అక్కడికే పోతారు. అలా చేస్తే మళ్లీ కారు దగ్గరికే రావాలి, నడక చెడుతుంది. కారును ఊళ్లో వదిలేయండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

అడుగు పట్టున్న బూట్లు చాలు, కొండలెక్కే బరువు బూట్లు అక్కర్లేదు. ఊళ్లో కొంతదూరం రాళ్లు పరిచిన నేల, కాబట్టి హీల్స్ వద్దు. నున్నటి అడుగున్న చెప్పులతో తోటలోని దిగుళ్లలో జారతారు. ఒక్కొక్కరికి అర లీటరు సీసా తెచ్చుకోండి, లీటరు అక్కర్లేదు. ఊళ్లో వీధి కుళాయిల్లో మంచినీళ్లు వస్తాయి. "కైన్ ట్రింక్‌వాసర్" అనో "ఆక్వా నాన్ పోటాబిలే" అనో రాసి ఉంటే మాత్రం అవి తాగే నీళ్లు కావు. టోపీ, పల్చటి వానకోటు, కాసిని చిల్లర యూరోలు. పులిహోర డబ్బా తెచ్చుకుంటే నది గట్టు బెంచీ మీద కానిచ్చేయండి. తోటలో పచ్చిక మీద దుప్పటి పరిచి విప్పే చోటు కాదది.

1. స్టేషన్ నుంచి కుర్‌హౌస్ దాకా

స్టేషన్ ముందు టిరోల్ తిరుగుబాటు నాయకుడు ఆండ్రియాస్ హోఫర్ విగ్రహం ఉంటుంది. అక్కడి నుంచి ఊరి మధ్యకు కిలోమీటరు లోపే, 15 నిమిషాల చదును నడక. ఈ ముక్కలో చూడాల్సింది పెద్దగా లేదు. ఎండగా ఉంటే బస్సెక్కినా నష్టం లేదు.

నది కనిపించాక ఎడమ వైపు తెల్లటి పెద్ద కట్టడం వస్తుంది. అదే కుర్‌హౌస్, అంటే చికిత్సకొచ్చినవాళ్లు సాయంత్రాలు పోగయ్యే సభాభవనం. పడమటి పాత భాగం 1874 నాటిది. గుమ్మటమున్న పెద్ద హాలును వియెన్నా వాస్తుశిల్పి ఫ్రీడ్రిష్ ఓమన్ గీయగా 1914లో తెరిచారు. తెరిచిన ఏడాదే యుద్ధం మొదలైంది, వచ్చే అతిథులు ఆగిపోయారు. కప్పు అంచు మీద చేతులు కలిపి నాట్యమాడే స్త్రీ మూర్తుల్ని చూడాలంటే గోడ పక్కన నిలబడితే కుదరదు. నది వైపు పిట్టగోడ దాకా వెనక్కి జరగండి.

2. గట్టు మీద

మీరు నిలబడ్డ విహార దారి ఒకప్పుడు పస్సర్ వరదల నుంచి ఊరిని కాపాడటానికి కట్టిన కరకట్ట. గోదావరి గట్టు మీద సాయంత్రాలు తిరిగినవాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది: వరదకు కట్టింది, తర్వాత షికారుకు పనికొచ్చింది. నీళ్లు మీకు ఎదురుగా వస్తుండాలి, అంటే ప్రవాహానికి ఎదురు నడవాలి. ఇదొక్కటి గుర్తుంటే దారి తప్పరు. నీటి వాలున పోతే మళ్లీ స్టేషన్ వైపు తేలుతారు.

కాసేపటికి ఇనుప అలంకారాల పోస్టు వంతెన వస్తుంది. అక్కడి నుంచి పైకి నదికి రెండు ఒడ్డులా రెండు దారులు. నీళ్లొచ్చే వైపు ముఖం పెట్టి నిలబడితే మీకు ఎడమ చేతి వైపున్నది శీతాకాలపు దారి, కుడి చేతి వైపున్నది వేసవి దారి. పేర్లు ఊరికే పెట్టలేదు. మొదటిది ఎండ ముఖం, రెండోది పెద్ద చెట్ల నీడ. పాత వైద్యులు రోగుల్ని కాలాన్ని బట్టి ఏ ఒడ్డుకు పంపాలో అలా తేల్చారు. మీరూ అలాగే ఎంచుకోండి. ఏప్రిల్, అక్టోబరు ఉదయాల్లో ఎడమ, జూన్ దాటితే కుడి. వాన పడుతుంటే కాలంతో పనిలేదు, ఎడమ ఒడ్డే. అక్కడ వాండెల్‌హాలె అనే పొడవాటి ఇనుప స్తంభాల వసారా ఉంది, గోడల మీద చుట్టుపక్కల ఊళ్ల చిత్రాలు, కింద కుర్చీలు. తడవకుండా పచార్లు చేయడానికే కట్టారు.

3. ఎలిజబెత్ పార్కు, రాతి వంతెన

ఏ ఒడ్డు ఎంచుకున్నా ముందు పోస్టు వంతెన దాటి కుడి వైపు ఎలిజబెత్ పార్కులో అడుగు పెట్టండి. సిస్సీ దారి లెక్కకు ఇక్కడే మొదలు. చెట్ల కింద కూర్చున్న భంగిమలో ఆమె తెల్ల పాలరాతి విగ్రహం ఉంది. 1903లో, ఆమె జెనీవాలో హత్యకు గురైన ఐదేళ్లకు, ప్రతిష్ఠించారు.

కథ కొంచెం తెలిస్తే ముందున్న దారి పట్టుబడుతుంది. 1870 అక్టోబరులో సిస్సీ ఇద్దరు కూతుళ్లతో ట్రౌట్‌మన్స్‌డార్ఫ్ కోటలో దిగింది. చిన్నది మారీ వలేరీకి అప్పటికి రెండున్నరేళ్లు, పిల్ల నలతగా ఉండేది. ఇక్కడి గాలికి తేరుకుందన్న వార్త ఊరికి ఏ ప్రకటనా తేలేనంత పేరు తెచ్చింది. మరుసటి శీతాకాలం దారిలోనే ఉన్న రోటెన్‌స్టైన్ కోటలో బస చేసింది. కొడుకు రుడోల్ఫ్ చనిపోయిన ఏడాది, 1889లో, మళ్లీ ట్రౌట్‌మన్స్‌డార్ఫ్‌కి వచ్చింది. ఆమె విపరీతంగా, వేగంగా నడిచేది, వెంట వచ్చే పరిచారికలు అందుకోలేకపోయేవారు. ఆమె పేరున్న దారిని నెమ్మదిగా నడవమని చెప్పడం కాస్త తమాషాయే.

పార్కు నుంచి పైకి నడిస్తే రెండు కమానుల రాతి వంతెన వస్తుంది. చాలామంది దీన్ని రోమన్ వంతెన అంటారు. నిజానికి కట్టింది 17వ శతాబ్దం మొదట్లో. వంతెన మధ్యకు వెళ్లి చూడండి: పైన నది ఇరుకు రాతి గండిలోంచి దూకి వస్తుంటుంది, వేసవిలోనూ ఆ గాలి చల్లగా ఉంటుంది. మంచు కరిగే మే, జూన్‌లలో నీటి హోరు ఎక్కువ. పిల్లల చేయి వదలకండి. నీళ్లు చూడటానికి లోతు లేనట్టే ఉంటాయి కానీ ఉరవడి నిలబడనివ్వదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, వంతెన దాటి ఎడమ ఒడ్డున గిల్ఫ్ అనే దారి ఎక్కడం. అందమైనదే, కానీ అది తాపైనర్ దారికి కలిసి ఊరి అవతలి కొండవాలుకు పోతుంది, తోటలకు కాదు. రెండు, నది వెంటే ఇంకా పైకి పోవడం. మీరు నదిని వదలాల్సిన చోటు ఇదే. కుడి ఒడ్డునే ఉండి (ఎడమ ఒడ్డున వచ్చినవాళ్లు ఈ వంతెన దాటి కుడికి వచ్చి), ఓబర్‌మైస్ వైపు సిస్సీ పేరున్న సూచిక పట్టుకోండి.

4. ఓబర్‌మైస్ మీదుగా

ఇక్కడి నుంచి మెరక. వాలు కొద్దే కానీ ఆగకుండా ఉంటుంది. పెద్దింటి విల్లాలు, ఎత్తు ప్రహరీలు, గోడ మీంచి వేలాడే విస్టీరియా, మధ్య మధ్య ద్రాక్ష పందిళ్లు. మాట్లాడుతూ నడిచినా ఆయాసం రాకపోతే మీ వేగం సరైనదే. మాట తెగుతుంటే ఆగండి.

పేట మధ్యలో బావి కూడలి వస్తుంది, జర్మన్‌లో బ్రున్నెన్‌ప్లాట్స్. సీసాలు నింపుకోవాలన్నా కాఫీ తాగాలన్నా ఇదే చోటు. దీని తర్వాత తోట దాకా దుకాణాలు దాదాపు ఉండవు. నిలబడి కౌంటరు దగ్గర తాగితే కాఫీ చవక, కుర్చీలో కూర్చుంటే ఎక్కువ తీసుకోవచ్చు.

దారిలో కోటలు ఒకదాని వెనక ఒకటి తగులుతాయి: రోటెన్‌స్టైన్, రుండెగ్, రూబైన్, పియెన్‌త్సెనావ్. ఇవి చూడటానికి తెరిచిన కోటలు కావు. కొన్నిట్లో జనం కాపురముంటున్నారు, ఒకటి హోటలైంది, ఒకటి పెళ్లిళ్లకు ఇస్తారు. గేటు తెరిచి ఉందని లోపలికి వెళ్లి ఫొటోలు దిగితే గొడవవుతుంది. గోడ బయట నుంచి చూసి సాగిపోండి. సూచికలు తప్పిపోయేది కూడా సరిగ్గా ఈ సందుల్లోనే. బండ్ల రోడ్డు అడ్డం వచ్చినచోట రోడ్డు వెంట తిరగకుండా, అవతల కొనసాగే సందు కోసం చూడండి. రెండు మలుపుల దాకా సూచిక కనిపించకపోతే ముందుకు పోవద్దు, కిందటి సూచిక దగ్గరికి తిరిగి రండి. ఎదురైనవాళ్లను ట్రౌట్‌మన్స్‌డార్ఫ్ అని అడిగితే చెయ్యి చూపిస్తారు. మాట కలపడానికి "గ్రూస్ గాట్" అన్నా "బోన్‌జోర్నో" అన్నా సరే.

ఆఖర్న ద్రాక్ష తోటల మధ్య దారి విప్పారుతుంది, సెయింట్ వాలెంటిన్ వీధి వస్తుంది, కోట కనిపిస్తుంది.

5. తోటల్లో

టికెట్ దగ్గర మూడు పనులు చేయండి. కాగితం పటం తీసుకోండి. కుటుంబ టికెట్ మీకు వర్తిస్తుందేమో అడగండి. తోపుడు బండిలో పసిపిల్లో, మెట్లెక్కలేని పెద్దవాళ్లో ఉంటే మెట్లు లేని దారిని పటం మీద పెన్నుతో గీసివ్వమనండి. ఈ మూడోది చేయక, సగం కొండెక్కాక మెట్లు ఎదురై, బండిని ఇద్దరు మోయడం రోజూ కనిపించే దృశ్యం.

తోటలు 12 హెక్టార్లు, మన లెక్కలో దాదాపు 30 ఎకరాలు. 2001లో తెరిచారు, 80కి పైగా చిన్న చిన్న తోటలు నాలుగు భాగాలుగా ఉన్నాయి: ప్రపంచ అడవులు, ఎండ తోటలు, నీటి తోటలు, దక్షిణ టిరోల్ నేలలు. అన్నీ చూస్తామని పంతం పడితే చివర్లో ఏదీ గుర్తుండదు. రెండు భాగాలు తీరిగ్గా, మిగతావి దారిలో తగిలినంత.

ఏది ముందు అన్నది నెలను బట్టి ఉంటుంది. జులై, ఆగస్టుల్లో గేటు దాటగానే దిగువనున్న కలువల చెరువుకు వెళ్లండి. తామరలు పొద్దున విప్పారి మధ్యాహ్నానికి ముడుచుకోవడం మొదలుపెడతాయి, పగటి కలువలు సాయంత్రానికల్లా. చెరువును ఆఖరికి పెట్టుకున్నవాళ్లకు ఆకులే దక్కుతాయి. మిగతా నెలల్లో పైభాగం ముందు, చెరువు చివర.

పైకి ఎక్కేటప్పుడు ఎండ తోటల మీదుగా వెళ్లండి. లావెండర్, సైప్రస్, అంజూరం, నాగజెముడు జాతులు, ఇటలీలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్నదని చెప్పుకునే ఆలివ్ తోపు. సార్డీనియా నుంచి తెచ్చి నాటిన 700 ఏళ్ల ఆలివ్ చెట్టు ఉంది. మొద్దు చుట్టూ ఒకసారి పూర్తిగా తిరగండి, ఒక వైపు నుంచి చూస్తే దాని వయసు తెలియదు. ఈ వైపు నీడ తక్కువ. పదకొండు దాటాక వేసవిలో ఇటు ఎక్కొద్దు.

పైన వాస్తుశిల్పి మాటియో తున్ రూపొందించిన చూపు వేదిక ఉంది. బైనాక్యులర్ ఆకారంలో, వాలు మీంచి గాల్లోకి చాచినట్టుంటుంది. కాలి కింద ఇనుప జాలీ, సందుల్లోంచి లోయ కనిపిస్తుంది. ఎత్తు భయమున్నవాళ్లు బలవంతాన ఎక్కనవసరం లేదు, కింద గట్టు మీంచీ అదే లోయ కనిపిస్తుంది. చీర కుచ్చిళ్లు, పొడుగు చున్నీలు జాలీ మెట్లలో చిక్కుకోకుండా ఎత్తి పట్టుకోండి. ఫోను జేబులో పెట్టుకుని ఎక్కడం మంచిది.

ఎండ ముదిరేసరికి కోటలోకి దూరండి. లోపల టూరిసియం అనే మ్యూజియం ఉంది, 2003లో మొదలైంది, తోట టికెట్‌లోనే కలిసి ఉంటుంది. టిరోల్‌కు 200 ఏళ్లుగా యాత్రికులు ఎలా వచ్చారు, ఊరివాళ్లు వాళ్లను ఎలా భరించారు అన్నది విషయం. సిస్సీ ఉన్న గదులూ ఇందులోనివే. గంట సరిపోతుంది. పిల్లలు విసుక్కుంటే చెక్కతో చేసిన పెద్ద గోళీల ఆటయంత్రం దగ్గరికి తీసుకెళ్లండి, గొడవ తీరిపోతుంది.

మధ్యాహ్నం నీడకు ప్రపంచ అడవుల భాగం. వరి మడులు, టీ మొక్కలు ఉన్నది ఇక్కడే. వరి మడి చూడటానికి ఆల్ప్స్ దాకా రావాలా అని నవ్వుకోవచ్చు గానీ, గట్లు కట్టి మెట్లుగా దింపిన ఆ చిన్న మడుల ముందు జర్మన్ యాత్రికులు గుమిగూడి వివరాల పలక చదువుతుంటే చూడటం ఒక సరదా. కంకి ఎప్పుడు పాలు పోసుకుంటుందో వాళ్లకు చెప్పగలిగిన పెద్దమనిషి మీ పక్కనే ఉండొచ్చు.

దిగేటప్పుడు తొందర వద్దు. మోకాళ్లు పట్టేసేది ఎక్కుడులో కాదు, రోజంతా తిరిగి అలసిన కాళ్లతో దిగే చివరి పావుగంటలో. వంపుల దారినే దిగండి, అడ్డంగా వేసిన మెట్లు వద్దు. చెరువు ఒడ్డున కెఫే ఉంది, అక్కడ కూర్చున్నాకే బస్సు సంగతి ఆలోచించండి.

తిండి

లంచ్ వంటగది మధ్యాహ్నం రెండు దాకానే. తర్వాత చాలాచోట్ల పొయ్యి ఆపేస్తారు, సాయంత్రం ఆరు దాకా కేకులు, శాండ్‌విచ్‌లే. పన్నెండున్నరకే కూర్చోండి.

శాకాహారులకు ఇబ్బంది స్పెక్‌తో. అది పొగబెట్టిన పంది మాంసం, సన్నగా తరిగి ఎందులోనైనా వేస్తారు. మాంసం లేదన్నా అందులో స్పెక్ ఉండొచ్చు. కాబట్టి "ఓనే స్పెక్" అనో "సెన్సా స్పెక్" అనో విడిగా అడగండి. క్నోడెల్ అనే రొట్టెముక్కల ఉండల్లో పాలకూర రకం తెప్పించుకోండి, కానీ పులుసులో వేసినవి వద్దు, అది తరచూ మాంసపు పులుసు. వెన్నతో వచ్చేవి బాగుంటాయి. ష్లుట్స్‌క్రాఫెన్ అయితే అచ్చం కజ్జికాయ ఆకారం, లోపల కొబ్బరి బదులు పాలకూర, జున్ను. పైన చల్లే పర్మేసాన్‌లో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ (పాలు విరిచే పదార్థం) వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు వద్దనండి. కరకరలాడే ష్యూటెల్‌బ్రోట్ రొట్టె విరిస్తే మెంతి వాసన తగులుతుంది. మెంతికి దగ్గరి చుట్టమైన మొక్క ఆకు అందులో కలుపుతారు. ఒక ప్యాకెట్ సంచిలో వేసుకుంటే వారాలు నిలవుంటుంది.

తిరుగు ప్రయాణం

తోట గేటు ముందే ఊరి బస్సు ఆగుతుంది. సాయంత్రం మూసేవేళ అందరూ ఒకేసారి బయటికి వస్తారు, బస్సు నిండిపోతుంది, తోపుడు బండ్లకు చోటుండదు. ముప్పావు గంట ముందే బయటపడండి, లేదా వచ్చిన దారినే నడిచి దిగండి, 40 నిమిషాలు.

ఒళ్లు నొప్పులనిపిస్తే కుర్‌హౌస్‌కు ఎదురుగా, నదికి అవతల గాజు పెట్టెలాంటి స్నానశాల ఉంది, 2005లో తెరిచిన తెర్మే మెరానో. 25 కొలనులు. లోపలి రూపకల్పన పైన మీరెక్కిన వేదిక చేసిన మాటియో తున్‌దే. ఈత దుస్తులు వెంట ఉండాలి, చీర, సల్వార్, పత్తి టీషర్టుతో దిగనివ్వరు. టికెట్ గంటల లెక్కన, బట్టలు మార్చుకునే సమయం కూడా అందులోనే. టికెట్ కొనేటప్పుడు కొలనుల టికెట్ అనీ, సావునా (వేడి ఆవిరి గదులు) వద్దనీ స్పష్టంగా చెప్పండి. అక్కడి ఆచారం ప్రకారం సావునా విభాగంలో ఆడా మగా కలిసే ఉంటారు, ఒంటి మీద బట్ట ఉండకూడదన్నది నియమం. ఇది అమ్మానాన్నలకు, మీకు కూడా, తలుపు తెరిచాక తెలియడం బాగుండదు.

రెండో రోజు మిగిలితే వాల్ అనే సాగునీటి కాలువల గట్ల మీద నడవండి. చదును దారి, పక్కనే మోచేతి లోతు నీళ్లు, ఆపిల్ తోటలు. నీళ్లు పారుతున్నంతసేపు మోగే చిన్న గంటలు అక్కడక్కడ కట్టి ఉంటాయి. మోత ఆగిందంటే ఎగువన చెత్త అడ్డం పడిందని కాలువ కాపరికి తెలిసేది. మైస్ వాల్ గట్టు ఓబర్‌మైస్ నుంచి దగ్గరే. అక్కడ ఎదురొచ్చేవాళ్లకు దారివ్వడానికి కాలువ వైపు కాదు, తోట వైపు జరగండి.